సైట్ ఇంజినీరు ప్రాజెక్ట్ మేనేజర్ కావాలంటే ఏ పని అప్పగించాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లవి, వాళ్ల దగ్గర పనిచేసే ఇంజినీర్లవి. రేపటి ప్రాజెక్ట్ మేనేజర్లను ఎలా తయారుచేసుకోవాలన్నదే అందరి ప్రశ్న. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: ఏటా రెండు మూడు అపార్ట్‌మెంట్లు కడుతుంటాం. నలుగురు సైట్ ఇంజినీర్లున్నారు. ఒక్కొక్కరికి మూడు నుంచి ఐదేళ్ల సర్వీసు. పని బాగానే చేస్తారు, కానీ బైండింగ్ వైరు అయిపోయినా నాకే ఫోన్. రెండేళ్లలో ఒక్కరికైనా ప్రాజెక్ట్ పూర్తిగా అప్పజెప్పి నేను పక్కకు జరగాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక బిల్డర్, విజయవాడ

జవాబు: ముందు ఒక కాగితం తీసుకుని నలుగురి పేర్లూ రాయండి. ఒక్కొక్కరి పేరు ఎదురుగా, గత ఏడాదిలో వాళ్లు మిమ్మల్ని అడగకుండా తీసుకున్న నిర్ణయాలు రాయండి. రేటు మాట్లాడి ఖరారు చేశారా? బిల్లులో కోత పెట్టారా? బాగా రాని పనిని ఆపించారా? ఆలస్యమవుతుందన్న సంగతి ఫ్లాట్ ఓనర్‌కో పార్ట్‌నర్‌కో ఎదురుగా కూర్చుని చెప్పారా? చాలా ఆఫీసుల్లో ఈ కాగితం దాదాపు ఖాళీగానే ఉంటుంది. రాడ్ చెకింగ్, లెవెల్స్, రోజువారీ రిపోర్టు, లేబర్ లెక్క ఎంత బాగా చేసినా మనిషి మంచి సైట్ ఇంజినీరు అవుతాడు, అంతవరకే. డబ్బు, గడువు, తన చెప్పుచేతల్లో లేని మనుషులు, ఈ మూడింటి మీద నిర్ణయం తీసుకుని దాని మంచిచెడ్డలు మోసినప్పుడే మేనేజర్ అవుతాడు.

చాలామంది పొరబడేది ఇక్కడే. కష్టమైన పని అనగానే ఒక సైటు చూసేవాడికి రెండు సైట్లు ఇస్తారు. అది బరువు పెంచడం. పొద్దున ఏడింటికి వచ్చేవాడు ఆరింటికి వస్తాడు, అంతకు మించి నేర్చుకునేది ఉండదు. అతను ఇంతకుముందు ఎన్నడూ చేయని పని, అది కూడా ఒకసారికి ఒకటి రెండు కొత్త విషయాలకు మించకుండా ఇవ్వండి.

మొదటి పనిగా ఒక ఫ్లోర్ స్లాబ్‌ను సెంట్రింగ్ మొదలైన దగ్గర్నుంచి సపోర్టులు విప్పేదాకా పూర్తిగా అతనికే వదలండి. స్లాబులు అతనికి కొత్త కాదు. కానీ ఇన్నాళ్లూ మీరు వేసిన ప్లాన్‌ను నడిపించాడు. ఈసారి ప్లాన్ అతనిది. స్లాబ్‌కు వారం ముందే ఒక పేజీ రాసివ్వమనండి: ఎంత కాంక్రీటు, ఎన్ని బండ్లు, ఏ పంపు, అది చెడిపోతే ఏం చేయాలి, వాన వస్తే ఎక్కడ ఆపాలి, బలం పరీక్షకు ఎన్ని కాంక్రీటు దిమ్మలు (క్యూబులు) తీయాలి.

ఉదాహరణకు 4,000 చదరపు అడుగుల స్లాబ్, 5 అంగుళాల మందం. స్లాబ్ ఒక్కటే సుమారు 47 క్యూబిక్ మీటర్లు. బీములు కలుపుకుని 75 అనుకుందాం. 6 క్యూబిక్ మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు (కాంక్రీటు తెచ్చే బండ్లు) 13 రావాలి. పంపు నికరంగా గంటకు 15 క్యూబిక్ మీటర్లు తోస్తుందనుకుంటే ప్రతి 24 నిమిషాలకూ ఒక బండి గేటు దగ్గర ఉండాలి. ప్లాంటు గంట దూరంలో ఉంటే లోడింగ్‌కు పావుగంట, రావడానికి గంట, ఖాళీ చేయడానికి 24 నిమిషాలు, పోవడానికి గంట. అంటే ఒక బండి తిరిగి రావడానికి దాదాపు 160 నిమిషాలు. ఆ లెక్కన ఏడు బండ్లు తిరగాలి. "నాలుగు బండ్లు పెడతాం సార్, సరిపోతాయి" అని ప్లాంటువాళ్లు అంటారు. నాలుగు బండ్లతో గంటకు 9 క్యూబిక్ మీటర్లే వస్తుంది. ఐదు గంటల పని ఎనిమిది గంటలు దాటుతుంది, బండ్లు 40 నిమిషాలకొకటి వస్తాయి, మధ్యలో పంపు ఖాళీగా ఉంటుంది. మే నెల ఎండలో ఆ ఖాళీలోనే కోల్డ్ జాయింట్, అంటే పాత కాంక్రీటు గట్టిపడి కొత్తదానితో కలవని అతుకు, పుడుతుంది.

ఈ లెక్క మీరు చేసి ఇవ్వకండి. "ఎన్ని బండ్లు కావాలి?" అని ఒక్క మాట అడిగి వదిలేయండి. నాలుగు సరిపోవని అతనంతట అతను కనుక్కుని, ప్లాంటుకు ఫోన్ చేసి ఏడు బండ్లకు ఒప్పించి, వాళ్లు ఒప్పుకోకపోతే రెండో ప్లాంటును మాట్లాడుకున్న రోజు అతను మేనేజర్ పని మొదలుపెట్టినట్టు.

సపోర్టుల సంగతీ అంతే. కాంక్రీటు పనులకు మన దేశపు కోడ్ ఐఎస్ 456 ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో 4.5 మీటర్లు దాటిన స్లాబ్ స్పాన్లకు (ఆధారాల మధ్య దూరం) 14 రోజులు, 6 మీటర్లు దాటిన బీములకు 21 రోజులు సపోర్టులు ఉంచాలి. పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజోలానా సిమెంటు) అయితే ఇంకాస్త ఆగాలి. మీరేమో 12 రోజులకో స్లాబ్ కావాలంటారు. మూడో స్లాబ్ సెంట్రింగ్ మొదలయ్యేసరికి మొదటి ఫ్లోర్ పెద్ద బీముల కింది సపోర్టులు ఇంకా విప్పడానికి వీల్లేదు. అంటే వాటికి మూడు సెట్లు కావాలి. అద్దెకు తేవాలా, సైకిల్ (స్లాబుకూ స్లాబుకూ మధ్య గడువు) 15 రోజులకు పెంచాలా? ఇది డబ్బుకూ గడువుకూ మధ్య తేల్చుకోవాల్సిన నిర్ణయం. రెండు దారుల ఖర్చూ రాసుకుని తన సిఫారసుతో అతను మీ దగ్గరకు రావాలి. "ఏం చేయమంటారు సార్?" అని వస్తే వెనక్కి పంపండి.

క్యూబుల లెక్క కూడా అతనే చూసుకోవాలి. 75 క్యూబిక్ మీటర్లకు అదే కోడ్ ప్రకారం కనీసం 5 శాంపిళ్లు, శాంపిల్‌కు మూడు చొప్పున 15 క్యూబులు. ఏడు రోజుల బలం చూడాలంటే దానికి తీసే క్యూబులు అదనం.

రెండో పని డబ్బుది. ప్లాస్టరింగ్ కాంట్రాక్టరో టైల్స్ కాంట్రాక్టరో ఎవరో ఒకరి వ్యవహారమంతా ఇవ్వండి: రేటు, వర్క్ ఆర్డర్, కొలతలు, ఆర్ఏ బిల్లు (పని జరిగేకొద్దీ ఇచ్చే బిల్లు), డెబిట్లు (కోతలు), రిటెన్షన్ (పని పూర్తయ్యేదాకా ఆపి ఉంచే సొమ్ము). ఇక్కడ పాడుచేసేది చాలావరకు యజమానే. ఇంజినీరు 18,000 రూపాయలు కోత పెడతాడు. సాయంత్రం మేస్త్రీ మీకు ఫోన్ చేసి "అన్నా, పండగ ముందు ఇదేంది" అంటాడు. మీరు కరిగిపోయి సరే అంటారు. మర్నాటి నుంచి ఆ సైట్లో ఇంజినీరు మాట ఎవరూ వినరు. కోత తప్పని మీకనిపించినా సరే, "బిల్లు సంగతి ఆయనతోనే మాట్లాడు" అని ఫోన్ పెట్టేయండి. తర్వాత ఇంజినీరును విడిగా పిలిచి కారణం అడగండి. మార్చాలనుకుంటే ఆ మాట కూడా అతని నోటనే మేస్త్రీకి వెళ్లాలి.

మూడోది సర్వీసుల సమన్వయం: లిఫ్టు, ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఫైర్. లిఫ్టు కంపెనీని ఖరారు చేయకుండా లిఫ్టు అడుగు గొయ్యి (పిట్) లోతు ఎంతో తేలదు. పిట్ తేలకుండా ఫౌండేషన్ వేస్తే తర్వాత పగలగొట్టుకోవాలి. బీముల్లో పైపులు దూరే ప్లంబింగ్ స్లీవులు ముందే పెట్టకపోతే తర్వాత కాంక్రీటుకు రంధ్రం కోయాలి (కోర్ కటింగ్), అది బీము రాడ్డుకు తగిలితే స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గరికి పరుగు. గడువు నుంచి వెనక్కి లెక్కేసుకుని ఏ ఆర్డరు ఏ తేదీకి వెళ్లాలో ఒక పట్టిక వేయించండి. అందులో సంక్రాంతి వారం పది రోజులు, ఉత్తరాది కూలీలు ఛఠ్ పండక్కి ఊళ్లకు వెళ్లే రోజులు ముందే గుర్తుపెట్టాలి. కంప్యూటర్‌లో అందంగా వేసిన షెడ్యూళ్లలో ఇవి కనిపించవు.

ఈ మూడూ అయ్యాక ఒక చిన్న పని బడ్జెట్‌తో సహా పూర్తిగా ఇవ్వండి. క్లబ్‌హౌస్ కావచ్చు, మోడల్ ఫ్లాట్ కావచ్చు. ఇచ్చేటప్పుడు నోటిమాట వద్దు, ఒక పేజీ కాగితం ఇవ్వండి. ఏం పూర్తవ్వాలి, ఏ తేదీకి, ఎంతలో? అడగకుండా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు? 25,000 అంటే 25,000 అని రాయండి. ఏ విషయాల్లో ఆగి మీకు చెప్పి తీరాలి? ఎవరెవరు అతని మాట వినాలి? ఆ చివరిది వాళ్లందరి ఎదుటా చదవండి.

వారానికోసారి, శనివారం సాయంత్రం అనుకోండి, ముప్పావుగంట అతనితో కూర్చోండి. వచ్చే మూడు వారాల్లో ఏం జరగబోతోంది, ఏ నిర్ణయాన్ని వాయిదా వేస్తున్నావు, ఎందుకు, డబ్బు ఎక్కడుంది అని అడగండి. జరిగిపోయినవి రిపోర్టులో ఎలాగూ ఉంటాయి. వాయిదా వేస్తున్న నిర్ణయం గురించి అడిగితేనే అతను దేనికి జంకుతున్నాడో బయటపడుతుంది.

ప్రశ్న: నాలుగేళ్ల అనుభవం ఉన్న సైట్ ఇంజినీరును. ఆరు నెలలుగా నన్ను ఫినిషింగ్, హ్యాండోవర్‌లో పెట్టారు. నాతో చేరినవాళ్లు కొత్త టవర్లో స్లాబులు వేస్తున్నారు. నన్ను పక్కనపెట్టినట్టేనా మేడమ్/సార్?
– ఒక మహిళా ఇంజినీరు, హైదరాబాద్

జవాబు: పని పరంగా చూస్తే కాదు. ప్రాజెక్టులో మేనేజర్‌కు నిజమైన పరీక్ష మీరున్న చోటే. స్లాబ్ దశలో సైట్లో మూడు నాలుగు రకాల పనివాళ్లు ఉంటారు. ఫినిషింగులో పదీ పన్నెండు రకాలవాళ్లు ఒకే ఫ్లాట్‌లో ఒకరి పని ఒకరు పాడుచేసుకుంటూ తిరుగుతుంటారు. సన్‌కెన్ స్లాబ్‌లో (బాత్రూముల కోసం కిందికి దించి వేసే స్లాబ్) వాటర్‌ప్రూఫింగ్ చేశాక రెండు మూడు రోజులు నీళ్లు నిలబెట్టి కింది ఫ్లాట్ సీలింగ్ చూడకుండా టైల్స్ వేయించేస్తే, ఆ తేమ గృహప్రవేశమైన నెలకు బయటపడుతుంది. స్విచ్ బోర్డులు బిగించకముందే ఆఖరి కోటు పెయింట్ వేయిస్తే ఎలక్ట్రీషియన్ చేతి మరకలకు మళ్లీ వేయించాలి. ఈ వరస తప్పడానికి ఒక్కోసారి కారణం డబ్బే: పెయింటర్ బిల్లు కోసం తొందరపడి ముందే కోటు వేసేస్తాడు.

కాబట్టి ఆ పనిని గుమాస్తా పనిలా చేయకండి. స్నాగ్ రిజిస్టరులో, అంటే సరిచేయాల్సిన లోపాల పుస్తకంలో, ఫ్లాట్, గది, ఏ పనివాళ్లది, రాసిన తేదీ, సరిచేసిన తేదీ ఉంటాయి కదా, దానికి ఇంకో గడి చేర్చండి: కారణం. రెండు వందల స్నాగ్‌లు దాటాక కారణాల వారీగా లెక్కపెట్టండి. బాత్రూమ్ వాలు తప్పడం ఎన్ని, తలుపు చెక్క తేమకు ఉబ్బడం ఎన్ని? అందులో ఏవి స్లాబ్ దశలోనే ఆపగలిగేవో రాసి కొత్త టవర్ టీమ్‌కు ఇవ్వండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలో కట్టడంలో, పనితనంలో లోపాలు బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో సరిచేయాలి. మీ రిజిస్టరు ఆ ఐదేళ్ల ఖర్చును ముందే చెబుతుంది. ఆ కాగితం పట్టుకుని యజమానితో మాట్లాడండి, తేడా మీకే తెలుస్తుంది.

రెండు అధికారాలు అడిగి తీసుకోండి. ఫైనల్ బిల్లు మీద మీ సంతకం లేకుండా రిటెన్షన్ విడుదల కాకూడదు. ఫ్లాట్ ఓనర్‌తో సమావేశంలో తేదీ చెప్పేది మీరే కావాలి. ఈ రెండూ లేకపోతే మీ చేతిలో ఉన్నది ఫిర్యాదుల పుస్తకం మాత్రమే.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. "కస్టమర్లతో బాగా మాట్లాడుతుంది" అని ఆడపిల్లల్ని హ్యాండోవర్‌లోనే ఏళ్ల తరబడి ఉంచేయడం ఈ రంగంలో ఉంది. అది తప్పు. ఈ బ్యాచ్ ఫ్లాట్లు అయ్యాక స్లాబ్ సైకిలో, ఒక కాంట్రాక్టర్ వ్యవహారమో మీకు ఇస్తారా, ఏ నెల నుంచి, అని ఇప్పుడే మెయిల్ రాసి అడగండి.

ప్రశ్న: మీరు చెబుతున్న పద్ధతిలోనే ఒక కుర్రాడికి స్లాబ్ అప్పజెప్పాను. 45 క్యూబిక్ మీటర్లు పడ్డాక పంపు చెడింది. రెండో పంపు వచ్చేసరికి నాలుగు గంటలు. ఈలోగా బండ్లలో గట్టిపడుతున్న కాంక్రీటులో నీళ్లు కలిపించాడు. కోల్డ్ జాయింట్ వచ్చింది. ఇక అతనికి ఇవ్వకపోవడమే మంచిదా?
– ఒక సీనియర్ ఇంజినీరు, గుంటూరు

జవాబు: ముందు స్లాబ్ సంగతి. జాయింట్ ఎక్కడ పడిందో స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. బలం మీద అనుమానముంటే కోర్లు (పరీక్షకు స్లాబ్ నుంచి కోసి తీసే ముక్కలు) తీయించండి. కనీసం మూడు తీయాలి. వాటి సగటు ఆ గ్రేడ్ బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. నీళ్లు కలిపిన బండ్ల కాంక్రీటు ఎక్కడ పడిందో పోర్ రిజిస్టరులో ఉంటే కోర్లు అక్కడే తీయించండి.

తర్వాత మనిషి సంగతి. రెండు మూడు రోజులు ఆగి అతన్ని కూర్చోబెట్టి ఆ రోజును గంటగంటకూ రాయించండి. పంపు ఆగినప్పుడు అతనికి ఏం తెలుసు, చేతిలో ఏ దారులున్నాయి, ఎవరికి ఫోన్ చేశాడు? అలా రాయిస్తే రెండు వేర్వేరు తప్పులు బయటపడతాయి. స్టాండ్‌బై పంపు లేకపోవడం ఒకటి. ప్లాన్ కాగితంలో ఆ వరస ఖాళీగా ఉన్నా దాన్ని ఒప్పుకున్నది మీరు. ఖర్చని స్టాండ్‌బై వద్దన్నది మీరే అయితే అది పూర్తిగా మీ ఖాతాలోదే. ఆ మాట అతనితో అనండి. నీళ్లు కలపడం రెండోది. అది అతనిదే, దానికి మినహాయింపు లేదు. నీళ్లు పోస్తే పని సులువవుతుంది, బలం పడిపోతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసీ ఎందుకు చేశాడు? సాధారణంగా ఒకటే కారణం: బండి వెనక్కి పంపితే డబ్బు దండగని మీరు తిడతారన్న భయం. పని అప్పగిస్తూ ఇచ్చే కాగితంలో "బండిని తిప్పి పంపే అధికారం నీదే, కారణం అడుగుతాం కానీ తప్పుపట్టం" అన్న వాక్యం లేకపోతే ఇంకో కుర్రాడూ అదే చేస్తాడు.

ఆపాల్సి వస్తే ఎక్కడ ఆపాలన్నది కూడా ముందే డ్రాయింగు మీద గుర్తుపెట్టి ఉండాలి. మామూలుగా స్పాన్ మధ్య మూడోవంతులో, షియర్ (కోత బలం) తక్కువున్న చోట. అక్కడ అడ్డుపలక పెట్టడానికి చెక్కలు సైట్లో సిద్ధంగా ఉంచుకోవాలి.

వచ్చే స్లాబ్ అతనికే ఇవ్వండి. ఆలస్యం చేయొద్దు, తర్వాతి సైకిల్లోనే ఇవ్వండి. ఇప్పుడు తీసేస్తే మిగతావాళ్లు చూసి నేర్చుకునేది ఒకటే, బాధ్యత తీసుకోకపోవడమే క్షేమమని. కాకపోతే నీళ్లు కలిపిన సంగతి దాచిపెట్టి, మీరు క్యూబ్ రిజల్ట్‌లో పట్టుకుని ఉంటే మా జవాబు వేరుగా ఉండేది. పొరపాటు చేసినవాడికి మళ్లీ ఇవ్వొచ్చు, దాచినవాడికి ఇవ్వకూడదు.

ప్రశ్న: రామేశ్వరం దగ్గరి పాంబన్ వంతెన పనిలో మెట్రో మ్యాన్ శ్రీధరన్ గారిని 32 ఏళ్లకే దించారు, గెలిచి చూపించారు. ఇంత జాగ్రత్తగా మెట్లు మెట్లుగా ఎందుకు? నేరుగా లోతు నీళ్లలోకి తోస్తే ఈత రాదా?
– ఒక కాంట్రాక్టర్, కాకినాడ

జవాబు: ఆయన మీ ఊళ్లోని ఇంజినీరింగ్ కాలేజీలోనే చదువుకున్నారు, అందుకని మీరు అడగడం సహజమే. 1964 డిసెంబరు తుపానులో పాంబన్ రైలు వంతెన గర్డర్లు చాలావరకు సముద్రంలో కలిసిపోయాయి. బాగుచేయడానికి రైల్వే ఆరు నెలలు గడువు పెడితే, ఆయన పైఅధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. శ్రీధరన్ 46 రోజుల్లో పూర్తిచేశారు. అయితే అప్పటికి ఆయన రైల్వేలో పదేళ్లు పనిచేసి ఉన్నారు. ఆయన ముందున్న లక్ష్యం కూడా ఒక్కటే, స్పష్టమైనది: వంతెన మీద రైలు నడవాలి. లోతు నీళ్లలోకి తోశారనడం కంటే ఈత వచ్చినవాణ్ణి ఏటికి ఎదురీదమన్నారనడం సబబు.

మీ సైట్లో అలాంటి పని ఇవ్వాలంటే ముందు ఒక్కటి చూసుకోండి: తప్పు జరిగితే పోయేది ఏమిటి? డబ్బో, పది రోజులో అయితే ఇవ్వండి. ప్రాణమైతే నేర్చుకునేవాడికి ఒంటరిగా ఇవ్వొద్దు. పక్కింటి పునాదిని ఆనుకుని లోతుగా తవ్వడం, టవర్ క్రేన్ బిగించడం, విప్పడం, రెండంతస్తుల ఎత్తు (డబుల్ హైట్) సెంట్రింగ్ ఈ కోవలోవి. వీటిలో అతను పక్కన ఉండి నేర్చుకోవాలి, నిర్ణయం అనుభవజ్ఞుడిదే.

ప్రశ్న: పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ ఉంటే ఇవన్నీ అక్కర్లేదా?
– నిజామాబాద్

జవాబు: ఆ పరీక్ష రాయడానికే నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ప్రాజెక్టులు నడిపిన 36 నెలల అనుభవం, 35 గంటల శిక్షణ కావాలి. కాబట్టి పని తర్వాతే సర్టిఫికెట్. షెడ్యూల్, రిస్క్, ఖర్చుల భాష అందరితో కలిసి మాట్లాడటానికి అది పనికొస్తుంది. గల్ఫ్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవాళ్లకు మరీను.

ప్రశ్న: ఇంత కష్టపడి తయారుచేస్తే ఏడాది తిరక్కుండా దుబాయ్ వెళ్లిపోతాడు. బాండ్ రాయించుకోమంటారా?
– ఒక బిల్డర్, కరీంనగర్

జవాబు: వద్దు. వెళ్లాలనుకున్నవాణ్ణి బాండ్ ఆపదు. ఆగినా మనసు ఇక్కడ ఉండదు. ప్రాజెక్ట్ మేనేజర్ పని చేయిస్తూ సైట్ ఇంజినీరు జీతమే ఇస్తుంటే అతను వెళ్లడంలో తప్పూ లేదు. చిన్న పని పూర్తిగా అప్పగించిన నెల నుంచే జీతంలో కొంతైనా పెంచండి. హోదా విజిటింగ్ కార్డు మీద కాదు, సబ్‌కాంట్రాక్టర్లకు పంపే లేఖ మీద ఉండాలి. పెంచడం ఏడాది చివరికి వాయిదా వేస్తే ఈలోపే ఇంకో కంపెనీ పిలుస్తుంది.

అన్నీ చేసినా ఒకరిద్దరు వెళతారు. అందుకని ఒక్కరినే నమ్ముకోకుండా ఇద్దర్ని ఒక మెట్టు తేడాతో నడిపించండి. ఒకరు క్లబ్‌హౌస్ చూస్తుంటే ఇంకొకరు స్లాబ్ సైకిల్లో ఉండాలి. స్లాబ్ ప్లాన్ పేజీలు, ఆర్డర్ల తేదీల పట్టిక, కారణాలు రాసిన స్నాగ్ రిజిస్టరు, ఇవన్నీ ఆ మనిషి ఫోన్లో కాకుండా ఆఫీసు ఫైల్లో ఉండాలి. నోటీసు ఇచ్చాడని తెలియగానే సైటుకు రావద్దనకండి. మిగిలిన ఆ నెల రోజులూ రెండోవాణ్ణి అతని వెంట తిప్పండి. కాంట్రాక్టర్లతో తేలని లెక్కలు, నోటిమాటగా ఒప్పుకున్న రేట్లు, ఎవరికి ఏ తేదీ చెప్పాడో అన్నీ రాయించుకుని, ఆ కాగితం మీద ఇద్దరి సంతకాలూ తీసుకోండి.